నవ్వులు రాసిన అరవై రోజులు

మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడిన వారానికే నాకు ఆ సినిమా వచ్చింది. పరాయి భాషల సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాయడం నా వృత్తి. లండన్ శివారు హౌన్స్‌లోలో మా ఫ్లాట్ వంటింటి బల్లే నా ఆఫీసు. ఈసారి హైదరాబాదు స్టూడియో వాళ్లు పంపింది హాంకాంగ్ వాళ్ల కాంటనీస్ సినిమా, ఒక బొమ్మల కథల పుస్తకం నుంచి తీసిన యుద్ధకాలపు హాస్యం. శత్రుసైన్యం ఆక్రమించుకున్న చిన్న పట్టణంలో ఒక మంగలి, బాతులమ్మేవాడు కలిసి సైనికులను ముప్పుతిప్పలు పెడతారు. తన్నులు, పరుగులు, పేలుళ్లు, రెండు నిమిషాలకొక నవ్వు.

అదే వారం ఇక్కడ వీసాలు చూసే హోమాఫీస్ నుంచి ఉత్తరం వచ్చింది. అరవై రోజుల్లో వీసాకు స్పాన్సర్ చేసే మరో కంపెనీ దొరకాలి, లేదంటే దేశం విడిచి వెళ్లాలి. ఆయన దాన్ని ఫ్రిజ్‌కు అంటించాడు. మర్నాడే నేను తీసి సొరుగులో పెట్టాను. మా పాపకు ఏడేళ్లు, చదివేస్తుంది.

పగలంతా ఆయన పడకగదిలో తలుపు వేసుకుని ఇంటర్వ్యూలిచ్చేవాడు. ఇవతల నేను నవ్వులు రాసేదాన్ని. తెర మీద పెదవులు కలిసిన చోట నా మాటలోనూ ప, బ, మ పడాలి. వాళ్లు మూడక్షరాల్లో ముగించేది మనకు పది పడుతుంది. మామూలుగా నాకిది ఇష్టమైన తంటా. అప్పుడు మాత్రం ఒక్కో వాక్యం రాసి, దీనికి ఎవరికైనా నవ్వొస్తుందా అని తెల్లముఖం వేసుకుని కూర్చునేదాన్ని.

ఒక చోట గట్టిగా ఇరుక్కుపోయాను. అధికారి బాతులవాడి మెడ మీద కత్తి పెడతాడు. వాడు చేతులు జోడించి ఏదో అంటాడు. నాకిచ్చిన ఇంగ్లీషు ప్రతిలో "దయచేసి వదిలేయండి" అనే ఉంది. అందులో నవ్వెక్కడుందో రెండు రోజులు అర్థం కాలేదు. పక్క ఫ్లాట్‌లో హాంకాంగ్ నుంచి వచ్చిన ఆంటీ ఉండేది. ఆ బొమ్మల పుస్తకాన్ని చిన్నప్పుడు అన్నలకు తెలియకుండా చదివేదట. పిలిచి ఆ ముక్క చూపించాను. కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"వాడు బతిమాలడం లేదు, తిడుతున్నాడు," అంది తన ఇంగ్లీషులో. "ఆ అధికారికి మా భాష రాదు కదా."

"ఏమని తిడుతున్నాడు ఆంటీ?"

ఆంటీ చెప్పలేదు. "మా అమ్మ వినుంటే చెంప పగలగొట్టేది," అని మాత్రం అంది.

అది నలభై ఒకటో రోజు. ఆంటీ వెళ్లిన కాసేపటికి లోపలి గదిలో ఇంటర్వ్యూ అయిపోయింది. "థాంక్యూ సో మచ్ ఫర్ యువర్ టైం," అని ఆయన గొంతు ఎంతో తియ్యగా వినిపించింది. తలుపు తెరుచుకుని వంటింట్లోకి వచ్చాడు. పైన చొక్కా, కోటు. కింద ఇంట్లో వేసుకునే లుంగీ.

"ఏమన్నారు?"

"స్పాన్సర్‌షిప్ అనంగానే మొగం మారిపాయ. మళ్లా చెప్తాం అన్నారు."

అప్పుడు నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ స్టూడియో గడువు ముంచుకొస్తోంది.

"ఒకటి అడుగుతా, కోప్పడాకు. నీ పానం ఒకని చేతిలో ఉంది. వానికి తెలుగు రాదు. నగుకుంటా తిట్టాలంటే ఏమని తిడ్తావు?"

ఆయన మెడ కాస్త వంచి, చేతులు జోడించి, ఇందాకటి ఇంటర్వ్యూ గొంతుతోనే అన్నాడు: "అయ్యా, నీ నోట్లో మన్ను పడ. నీ కొంప కూల. టైమిచ్చినందుకు శానా సంతోషం సామీ."

నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వాడు. నేను ఆపాక కూడా ఆయన ఆపలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వాషింగ్ మెషీన్‌కు ఆనుకుని అలాగే నేల మీదికి జారిపోయాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యేశాను.

పాప వచ్చి గుమ్మంలో నిలబడింది. "వై ఈజ్ నాన్న లాఫింగ్?"

"సినిమాలో జోకు, బంగారూ."

"ఇట్ డజంట్ సౌండ్ లైక్ లాఫింగ్," అని వెళ్లిపోయింది.

కాసేపటికి ఆయన కోటు చేతితో ముఖం తుడుచుకున్నాడు. "రాసుకో. పెదాలు కలుస్తాయేమో చూడు."

చూశాను. 'మన్ను' దగ్గర సరిగ్గా కలిశాయి. ఆయన ఏడ్చిన చోటునుంచి ఏరుకున్న మాట అది. సిగ్గేసింది, అయినా రాశాను. నెల తిరక్కముందే హైదరాబాదు నుంచి, సినిమా మొత్తం మీద ఆ తిట్టే బాగా పండిందని కబురొచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

యాభై ఐదో రోజు లీసెస్టర్‌లో ఒక చిన్న కంపెనీ ఒప్పుకుంది, అంతకుముందుకంటే కింది ఉద్యోగానికి. కాగితాలు చేతికొచ్చి అప్లికేషన్ పెట్టేటప్పటికి రెండు రోజులే మిగిలాయి. జవాబొచ్చేదాకా సూట్‌కేసులు సర్దే ఉంచాం. వచ్చింది. వీసా ఇచ్చారు. మేం ఎగిరి గంతేయలేదు. ఆయన సోఫాలో బూట్లతోనే నిద్రపోయాడు.

లీసెస్టర్‌కు మారి మూడేళ్లవుతోంది. ఏ ఉత్తరం వచ్చినా ఆయన ఇప్పటికీ తలుపు దగ్గరే నిలబడి కవరు చించుతాడు. పూర్తిగా చదివాకే లోపలికి అడుగు పెడతాడు.