మా నవలాంటీ ఆగిన పేజీ

ఉద్యోగం వెతుక్కునే వయసులో ఉండే ధీమా ఉద్యోగం వచ్చాక ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో నాకైతే గ్రూప్ పరీక్షల సిలబస్ సగం తెలుసనీ, మనుషుల సంగతి మొత్తం తెలుసనీ గట్టి నమ్మకం. అశోక్‌నగర్ సందులో ఆడపిల్లల హాస్టల్, మూడో అంతస్తులో ఒక గది, ఆ గదిలో నలుగురం. అందరం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే. హాస్టల్ నడిపే ఆంటీ కింద ఇంట్లో ఒక్కతే ఉండేది, వంట కూడా తనే చేసేది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో నవల. అందుకే ఆమెకు మేం నవలాంటీ అని పేరు పెట్టుకున్నాం. (పసుపు మరకలు ఏ పేజీ దాకా ఉన్నాయో చూస్తే చాలు, ఆంటీ ఎంతవరకు చదివిందో తెలిసిపోయేది.)

చిక్కేమిటంటే, ఆంటీ చదివిన నవలనే మేం తినాల్సి వచ్చేది. నాయిక కష్టాల్లో పడితే పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. మొగుడు దుర్మార్గుడైతే ఆ కోపమంతా పచ్చిమిరపకాయల రూపంలో మా కంచాల్లోకి వచ్చేది. వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గాల్లోనే ఆపి, "గా పిల్ల మల్ల వానింటికే పోయింది బిడ్డా! గంత సదువుకోని ఏం ఫాయిదా?" అని నిలదీసేది. ఆ పోయిందేదో మేమే అయినట్టు తలలు వంచుకుని తినేవాళ్లం. మా గదిలో ఒకమ్మాయిని కరెంట్ అఫైర్స్ అని పిలిచేవాళ్లం (ఏ దేశంలో ఏ మంత్రి తుమ్మినా ముందు ఆమెకే తెలిసేది). ఒకరోజు ఆమె చారు గిన్నె పక్కకు నెట్టి తీర్మానం చేసింది. "పుస్తకం మారితెనే కూర మారుతది. నువ్వు ఎట్లాగూ చిక్కడపల్లి లైబ్రరీకి పోతున్నవ్. ఇగ ఆంటీకి పుస్తకాలు నువ్వే తేవాలె. జర సల్లగుండేటియి తే."

అంత పెద్ద బాధ్యత నాకు ప్రభుత్వం కూడా ఇంతవరకు అప్పగించలేదు. మొదట ఊరూరా తిరిగే నాటకాల వాళ్ల మీద ఒక హాస్య నవల తెచ్చాను. వంటింట్లో ఆంటీ నవ్వు మూడో అంతస్తు దాకా వినిపించింది. మేమూ మురిసిపోయాం, మాడు వాసన వచ్చేదాకా. "దశరథుని మీసమూడి కైకేయి ఒళ్లె పడ్డది! ఇగ వంకాయ యాడ యాదికుంటది?" అంది ఆంటీ కళ్లు తుడుచుకుంటూ. సరే, నవలలే వద్దనుకుని ఒక డాక్టరు రాసిన ఆహారం పుస్తకం ఇచ్చాను. అన్నం మాయమై కొర్రలు, అరికెలు వచ్చాయి. అడిగితే "బియ్యం తింటె ఏమైతదో సదివి ఇనిపియ్యాల్నా?" అని బెదిరింపు. దాంతో ఒంటరిగా పడవలో సముద్రం దాటిన మనిషి అనుభవాల పుస్తకానికి మారాను. అందులో వంటా లేదు, పెళ్లీ లేదు, భయం లేదనుకున్నాను. మర్నాడు పొద్దున ఆంటీ నీళ్ల మోటారు ఆపేసి మెట్ల మీద నిలబడింది. "ఆయన నడి సముద్రంల చెంబెడు నీళ్లతోని దినమంత ఎల్లదీసిండు. మీకు బకెట్ల మీద బకెట్లు గావాల్నా?" కరెంట్ అఫైర్స్ తల నిండా షాంపూ నురగతో తలుపు సందులోంచి, "ఆయనకు పరీక్ష లేదు కదాంటీ!" అని మొత్తుకుంది.

ఇక పకడ్బందీగా వెళ్లాలనుకున్నాను. లైబ్రరీ అలమర దగ్గరే నిలబడి ఒక కుటుంబ నవల మొదటి అధ్యాయం, చివరి పేజీలు చదివాను. మొదట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ కుట్టుమిషను కోసం జుట్లు పట్టుకుంటారు. చివర్లో పెళ్లిల్లు, అందరూ నవ్వుతూ ఉంటారు. అటూ ఇటూ బాగున్నాక మధ్యలో మాత్రం ఏముంటుందిలే అనుకుని తెచ్చి ఇచ్చాను.

ఆ ఆదివారం మధ్యాహ్నమైనా వంటింట్లోంచి ఏ వాసనా రాలేదు. నలుగురం కిందికి దిగాం. ఆంటీ గడప దగ్గర కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో మూసి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి.

"అక్క సచ్చిపోయింది," అంది.

కరెంట్ అఫైర్స్ గబగబా ఫోన్ తీసింది. "అయ్యో, ఏ ఊర్ల ఆంటీ? బస్సు సూడాల్నా?"

"గీ పుస్తకంల అక్క." ఆంటీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మాకు గూడ ఒక అక్క ఉండె. ముషీరాబాద్‌ల మా ఇంట్ల ఇద్దరం ఒక్క దుప్పట్లనే పండుకుంటుంటిమి. జరమొచ్చి పోయింది. అమ్మ ఏడుస్తదని ఇంట్ల ఎవ్వలం ఆమె పేరెత్తలే. అమ్మ పోయినంక గూడ ఎత్తలే. ఇన్నేండ్లకు గీడ కనవడ్డది."

ఆ పూట వంట మేమే చేశాం. (అన్నం జావలా వచ్చింది. పప్పు మాత్రం అన్నంలా వచ్చింది.) ఆంటీ వంక పెట్టకుండా తింది. తింటూ తింటూ వాళ్లక్క ముచ్చట్లు ఎత్తుకుంది. ఇంట్లో చెప్పకుండా చెల్లెల్ని నారాయణగూడకు సినిమాకు తీసుకెళ్లిందట. అక్కడ పక్క సీట్లోనే వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడట. "ఆయన గూడ చెప్పకుంటనే వచ్చిండు! ముగ్గురం ఒకల మొఖం ఒకలు సూస్కోని, చప్పుడు చెయ్యకుంట సినిమా సూసినం," అని ఆంటీ నవ్వుతుంటే మాకూ నవ్వాగలేదు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాం.

గిన్నెలు కడుగుతూ నేను మెల్లగా, "తప్పైంది ఆంటీ. ఇగ నుంచి నవ్వే పుస్తకాలే తెస్త," అన్నాను.

"నవ్వే పుస్తకం నేను గూడ దేవులాడుకుంట. గిసుంటిది నా అంతల నేనైతే తెచ్చుకోను," అంది ఆంటీ. "ఇంకోటుంటే తే బిడ్డా."

మొన్న సెలవు రోజున ఆంటీని చూడ్డానికి వెళ్లాను. హాస్టల్ అలాగే ఉంది, ఆంటీకి కళ్లద్దాలు దళసరి అయ్యాయి. "ఈ నడుమ ఏం సదివినవ్?" అని అడిగింది. హైదర్‌గూడలో మా ఆఫీసు, దారిలో చదివే పుస్తకాలు అంటూ ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఒక చరిత్ర పుస్తకం బాగుందన్నాను, ఒక నవల కాస్త సాగదీశారన్నాను. ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్ని సరే గని, యాడ ఆగినవ్?"

ఆ సాగదీసిన నవలలోనే ఒకచోట, కూతురు పక్క గదిలోంచి తండ్రి దగ్గు వింటూ పడుకుంటుంది. ఆ పేజీ తిప్పలేక పుస్తకం కొన్నాళ్లు బ్యాగులోనే ఉంచేశాను. అదే చెప్పాను. ఆంటీ తలూపి, చాప పరిచి, "ఇగ చెప్పు," అంది.

చెప్తూ ఉంటే, బాధ లేని పుస్తకం ఏరి తెస్తానని అలమర దగ్గర నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. ఎంత నమ్మకం పాపం, దానికి!