ఉప్పుగాలి మీద వేసిన నింద

గుడివాడలో నేను రొయ్యల చెరువుల మోటార్లకి స్టార్టర్ పెట్టెలు తయారుచేసేవాణ్ణి. చెరువు నీటిని చిలికే ఏరియేటర్లు ఆ మోటార్లతోనే తిరుగుతాయి. కరెంటు పోయి వచ్చాక వాటిని దానంతటదే మళ్ళీ నడపడం పెట్టె పని. పెట్టెలోని సర్క్యూట్ బోర్డులు చేసిచ్చే హైదరాబాదు పెద్దాయన తొంభైల చివర్లో పని మానేశాడు. కొత్తవాళ్ళకి ఆర్డరిచ్చాను. వాళ్ళ బోర్డులు తళతళా మెరుస్తుంటే చూసి మురిసిపోయాను. ఆ మురిపెం రెండు నెలలైనా నిలవలేదు.

దివిసీమ నుంచి పెట్టెలు ఆగిపోతున్నాయని ఒకటే ఫోన్లు. విప్పి తెచ్చి నా బల్లమీద పెడితే బుద్ధిగా పనిచేసేవి. తిరిగి చెరువు దగ్గర బిగిస్తే కొన్ని గంటలోనే, కొన్ని నాలుగు రోజులకి మొరాయించేవి. సముద్రం పక్కన ఏం పాడైనా ఉప్పుగాలి అనేయడం మాకు అలవాటు. నేనూ అదే అన్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది, కానీ నా నోరు మంచిది కాదు.

పాలకాయతిప్ప దారిలో ఒక కుటుంబం చేపలవేట మానుకుని చెరువు కౌలుకి తీసుకుంది. అది వాళ్ళ మొదటి పంట. అక్కడ పెట్టె రెండోసారి ఆగినప్పుడు వెళ్ళి, "ఈ తలుపు ఎవరు తీస్తున్నారండీ?" అని గద్దించాను.

"మా ఆవిడేనండి. పొద్దున్నే మీట చూస్తది," అన్నాడు ఆయన.

"అదీ సంగతి! ఉప్పుగాలంతా లోపలికి పోతోంది. ఇక నుంచి ఎవరూ ముట్టుకోకండి."

సందులన్నీ లప్పంతో మూయించి, పైన ప్లాస్టిక్ పట్టా చుట్టించాను. ఆవిడ ఏదో చెప్పబోతే నేను వినిపించుకోలేదు. మిగతా రైతులందరికీ కూడా అదే సలహా ఇచ్చాను.

వారం తిరక్కుండా ఆ పెట్టె మళ్ళీ ఆగింది. పైగా మబ్బులు పట్టాయి, ఆకు కదలడం లేదు. అలాంటి రోజుల్లో ఏరియేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు చాలక రొయ్య పైకి తేలుతుంది. ఆ తర్వాత పంట పోవడానికి ఒక్క పూట చాలు. నాకు భయం పట్టుకుంది.

ఆగిపోయిన బోర్డులు రెండూ, మీటరూ, టంకం సామానూ సంచిలో వేసుకుని, గుడ్లవల్లేరు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఒక మేష్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా పరీక్షించి, "మీ డిజైన్‌లో తప్పేం లేదండీ. నా అనుమానం ఈ రంధ్రాల మీదే. బోర్డు పైవైపునీ కిందివైపునీ కలిపేది వీటి లోపలి రాగిపూత. పూతపని తెలిసినవాళ్ళకి చూపించండి," అన్నారు.

మా వైపు పూతపని అంటే బందరు రోల్డుగోల్డు నగలే. గాజులకి పూతవేసే మనిషికి సర్క్యూట్ బోర్డు చూపించడమేమిటని సిగ్గేసింది. తలెత్తి మబ్బు చూసి, సిగ్గు పక్కనపెట్టి బస్సెక్కాను.

బందరు చిలకలపూడిలో పూతపని చేసే ఒక ముసలాయన నా మాట పూర్తిగా విననైనా వినలేదు. బోర్డుని సన్న రంపంతో రంధ్రాల మధ్యగా కోసి, రాయి మీద అరగదీసి, భూతద్దంలో చూశాడు.

"ఉప్పైతే పైనుంచి తింటదండీ. ఇది లోపలే తెగింది. పూతకి ముందు సరిగ్గా కడగలేదు, రాగి పల్చగా పట్టింది. ఇదుగో, నడుమ చీలిక."

మిగిలిన ముక్కలో ఒక రంధ్రానికి, రెండువైపులూ కలిసుంటే కూసే నా మీటరు తగిలించి, వేడి చూపించమన్నాను. కుయ్‌మంటున్న మీటరు ఠక్కున ఆగింది. ఆయన ఉఫ్‌మని ఊదితే మళ్ళీ కూసింది.

"వేడెక్కితే విడిపోతంది, చల్లారితే కలుస్తంది. దీన్ని గాలాడేచోటే పెట్టారా?" అని అడిగాడు.

 బల్లమీద చల్లగా ఉండబట్టే పనిచేసింది. గాలాడకుండా లప్పం పెట్టించింది నేనే. జబ్బు కొత్తవాళ్ళది, దాన్ని ముదరబెట్టింది నేను.

సంచిలో ఇంకో బోర్డుంది. ఆయన అరుగు మీదే కూర్చుని దాని ప్రతి రంధ్రంలో సన్న రాగితీగ దూర్చి, రెండువైపులా టంకం వేశాను. తొందరలో రెండుసార్లు వేలు కాల్చుకున్నాను. తర్వాత అవనిగడ్డ బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి పాలకాయతిప్ప దారికి ఆటో మాట్లాడుకున్నాను.

వెళ్ళేసరికి చెరువు అంచున రొయ్యలు మీసాలు పైకెత్తి తేలుతున్నాయి. కౌలుకి తీసుకున్నాయన మోకాళ్ళలోతు నీళ్ళలో దిగి తెడ్డుతో నీళ్ళు చిమ్ముతున్నాడు. పట్టా చింపి, లప్పం పీకి, బోర్డు మార్చాను. మోటారు అందుకుంది. పెట్టె తలుపు బార్లా తెరిచే ఉంచి గంటసేపు నిలబడ్డాను. ఆగలేదు. తేలిన రొయ్యలు మెల్లగా కిందికి దిగాయి.

ఆవిడ గట్టుమీద కూర్చుని ఉంది. దగ్గరికెళ్ళి, "మీరు తలుపు తీయడం వల్ల కాదమ్మా. తప్పు నాది," అన్నాను.

"నాకు తెలుసండి. ఆ మాట మా ఆయనతో చెప్పండి. మీరొచ్చి వెళ్ళిన కాడ్నించీ నా చేత్తో పెట్టిన కూడు తినట్లేదు," అంది.

వెళ్ళి ఆయనతో చెప్పాను. ఉప్పుగాలి కాదని, బోర్డు లోపమని, పట్టా చుట్టించి ఇంకా చెడగొట్టింది నేనేనని. ఆయన తెడ్డు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"మోటారాడతందిగా. ఇంకేంటండి," అన్నాడు.

ఆవిడ వైపు మాత్రం చూడలేదు.