పెళ్లిచూపుల ముందు పేలిన బోలు తూటా

డిగ్రీ చదివే రోజుల్లో కొత్త టెరిలిన్ చొక్కా వేసుకుని మోత్కూర్‌లో పెళ్లిచూపులకు బయలుదేరుతున్నాను. ఇంతలో ఇంట్లో పెట్టిన విత్తనపు పల్లికాయ బస్తాల మీద పందికొక్కు కనబడింది. మేనమామ చిన్న రైఫిల్ తీసి బోలు తూటా ఎక్కించాడు.

“మామూలు తూటా సాలదా మామా?” అన్నాను.

“నీకేం తెల్సురా! మొన బోలుగుంటె లోపలికి పోయి పగుల్తది.”

“జర ఆగు, నేను జరు...” అనేలోపే పేల్చాడు. తూటా చెప్పినట్టే పనిచేసింది. పందికొక్కు కొంత గోడకు, కొంత చొక్కాకు, కొంత తెరిచిన నా నోట్లోకి చేరింది.

చొక్కా మార్చాను. నోరు మార్చే వీల్లేదు. ఎంత పుక్కిలించినా ఆ రుచి పోలేదు. పెదవి విప్పితే వాంతయ్యేలా ఉండి, అక్కడ పిల్ల తరఫువారు ఏమడిగినా తలూపాను.

“పిల్లగాడు నెమ్మదస్తుడు,” అని పిల్ల తండ్రి సంబంధం ఖాయం చేశాడు.

“ఆ దినం ఎంత మంచిగ సప్పుడుజేయక కూసున్నరు!” అని మొన్న కూడా మా ఆవిడ నిట్టూర్చింది. ఆ రుచి గుర్తొచ్చి మళ్లీ నోరు మూసుకున్నాను.