నడిమి చేను

ఎల్లమాస దగ్గర పడిందంటే మా ఇంట్లో రెండు వాసనలు పోట్లాడుకుంటాయి. వంటింట్లోంచి చింతపులుసులో ఉడికే పచ్చి కందిగింజల వాసన వస్తుంది. ముందు గదిలోంచి మా అన్న బస్వరాజు మోకాలికి పట్టించుకునే మందు వాసన, కర్పూరమూ నీలగిరి నూనే కలిపినట్టు, ముక్కు మండేటట్టు వస్తుంది. ఆ రెండూ కలిసేచోట నిలబడితే నా వయసెంతో నాకే గుర్తుండదు. అన్న ఊరూరా తిరిగి బంతి తన్ని బతికినవాడు. ఫుట్‌బాల్ ఆటలో మిడ్‌ఫీల్డర్. ఆ మాటకు అర్థమేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియకుండానే అతని ఆట మొదలైంది, అలాగే అయిపోయింది కూడా. నాకు ఇప్పటికీ సగమే తెలుసు. ఆ తెలిసిన సగం మీద కూడా బోలెడు అనుమానాలు.

మా నారాయణఖేడ్ దిక్కు పుట్టనివాళ్లకు ఎల్లమాస గురించి కాస్త చెప్పాలి. చలికాలం నడుమ, కంది కాయ ముదిరి, శెనగ పచ్చగా పరుచుకుని, కుసుమ పువ్వు ముళ్ల మధ్య పసుపుగా విచ్చుకునే రోజుల్లో వచ్చే అమావాస్య అది. ఆ రోజు పొద్దెక్కాక ఊళ్లో మనిషి కనబడడు, గంపలు నెత్తిన పెట్టుకుని అందరూ చేన్లకు పోతారు. జొన్న సొప్పతో బుల్లి గుడిసె కట్టి, అందులో సున్నం పూసిన ఐదు రాళ్లు నిలిపి మొక్కి, చేను చుట్టూ అంబలి చల్లుకుంటూ తిరిగి, ఆ తరవాత గుండ్రంగా కూర్చుని తింటారు. తినేది భజ్జి. శెనగాకు, చిక్కుడు, వంకాయ, పచ్చి కందులు, పల్లీలు, ఆ రోజు చేనులో చేతికి ఏది దొరికితే అది, పులుసూ శెనగపిండీ పోసి కుండెడు వండిన కూర. పక్కన నువ్వులద్దిన సజ్జరొట్టెలు. ఆ రోజు చేనులో అడుగుపెట్టిన మనిషి, దారిన పోయేవాడైనా సరే, తినకుండా వెళ్లకూడదు. వెళ్తే చేనుకు కీడని మా నాయిన గట్టి నమ్మకం. ఈ నమ్మకమే లేకపోతే మా అన్న ఆటగాడయ్యేవాడు కాదు.

నాయిన వాటాకు వచ్చిన భూమిలో మేలైనది నడిమి చేను. అటు చిన్నాయిన చేను, ఇటు ఎవరిదో చేను, నడుమ మాది. దానికి సొంత దారి కూడా లేదు, బండి పోవాలంటే చిన్నాయిన గట్టు దిగి పోవాల్సిందే. కానీ నేల నల్లరేగడి, వాన లేకపోయినా మంచుకే జొన్న పండించే నేల. నాయిన పొద్దున లేచి ముఖం కడగకముందే వెళ్లి దాన్ని చూసి వచ్చేవాడు. మాకు జ్వరమొస్తే దవాఖానకు అమ్మే తీసుకుపోయేది, నడిమి చేనులో పురుగు పడితే మాత్రం నాయిన అన్నం ముట్టేవాడు కాదు. "నన్ను గాదు, గా నడిమి చేనును చేస్కునేదుండె నువ్వు," అని అమ్మ ఆడిపోసుకునేది. నాయిన సిగ్గుపడి నవ్వేవాడే తప్ప ఒక్కనాడూ కాదనలేదు.

ఇక అన్న సంగతి. ఊళ్లో పోరగాళ్లందరూ క్రికెట్ అంటే పడి చచ్చేవాళ్లు. బడిలో ఒక్కటే ఫుట్‌బాల్, అది కూడా ఎప్పుడూ సగం గాలి పోయి ఉండేది, ఇంటి దగ్గర ఆడాలంటే అమ్మ పాత చీర పేలికల్లో పత్తి కుక్కి నేను కుట్టిన బంతే గతి. నల్లరేగడి పగుళ్లలో ఉత్త కాళ్లతో ఆ బంతిని తోసుకుంటూ తిరిగేవాడు. విచిత్రమేమిటంటే అతనికి బంతి తన దగ్గర ఉంచుకోవాలని ఉండేది కాదు. కాలికి తగిలిందో లేదో, ఎవరికి ఇద్దామా అని చూసేవాడు. గోటీలాడినా అంతే, గెలిచినవన్నీ ఎవరి జేబులో తక్కువున్నాయో వాళ్లకు పంచి ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాడు. వీడికి బుర్రలో ఏదన్నా తక్కువా అని నేను నిజంగానే దిగులుపడేదాన్ని.

ఎల్లమాసనాడు వడ్డన కూడా అతనిదే. అందరం గుండ్రంగా కూర్చుంటే తను నడుమ నిలబడి, గంప చంకన పెట్టుకుని, ఎవరి చేతిలో రొట్టె అయిపోతోందో చూడకుండానే కనిపెట్టి విసిరేవాడు. అది సరిగ్గా వాళ్ల చేతిలోనే వాలేది. "అన్నంరా అది, బంతి గాదు!" అని అమ్మ మొత్తుకునేది. తను మాత్రం అందరూ లేచాక, కుండ అడుగున మిగిలింది తినేవాడు.

అన్న తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు, ఎల్లమాస నాడే, బడి డ్రిల్ సార్ మా చేనుకు వచ్చాడు. బీదర్ దిక్కు మనిషి, తెలుగులో కన్నడమూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. బడి గ్రౌండు కోసం సర్కారు ఎవరి భూమో తీసుకుంటుందని అప్పటికే ఊళ్లో గుసగుసలున్నాయి, సార్‌ను చూడగానే నాయిన ముఖం ముడుచుకుంది. సార్ గట్టు మీద నిలబడి, రొట్టెలు విసురుతున్న అన్నను చూసి చూసి, ఒక్కసారి చెయ్యి చాచి అరిచాడు.

"మిడ్‌ఫీల్డ్! గిదే నాకు కావాల్సింది. గిది నాకియ్యుండ్రి. హైదరాబాద్ల పెద్ద సార్లతోని మాట్లాడిన, జల్దీ చెప్పాలె."

నాయిన చిన్నాయిన వైపు చూశాడు. పదో తరగతి తప్పినా మా ఇంట్లో ఇంగ్లీషుకు చిన్నాయినే దిక్కు. "మిడ్ అంటే నడిమి," అన్నాడాయన నాయిన చెవి దగ్గరికి వంగి, గంభీరంగా. "ఫీల్డ్ అంటే చేను. ఫీల్డాఫీసర్ వస్తడు సూడు, గా ఫీల్డే."

నాయిన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "సారూ, నా పానం అడుగు, ఇస్త. గిది మాత్రం ఇయ్య. నేను బతికుండగ చెయ్యి వదల."

"సోంచాయించుండ్రి, జర ఆలోచన చేయుండ్రి. మంచిగ సూస్కుంటం. మీకే పేరొస్తది."

"పేరొద్దు, ఏమొద్దు. మల్ల గీ మాట ఎత్తకు."

సార్ ముఖం చిన్నబోయింది. అమ్మ ఆకు పరుస్తున్నా ఆగకుండా, తినకుండానే గట్టు దిగి వెళ్లిపోయాడు. అన్న నడుమ నిలబడి ఉన్నాడు, గంపలో రొట్టెలు అలాగే ఉన్నాయి. సార్ దేనికి వచ్చాడో అతనికి ముందే తెలుసు. హైదరాబాదులో ఆటల హాస్టల్లో చేర్పిస్తానని సార్ అతనికి బడిలోనే చెప్పాడు.

పొద్దుగూకి ఇంటికి వస్తుంటే అన్న నన్ను వెనక ఆపాడు. ఏడ్చాడేమోననుకున్నాను. కాదు, అతని ముఖం వెలిగిపోతోంది. "ఇన్నవా? పానం అడుగు ఇస్త, గీన్ని ఇయ్యనన్నడు. నాయినకు నేనంటే గంత ఇష్టమని నాకెర్కనే లేదు." హాస్టల్‌కు పోయేది లేదని ఒక కంట బాధ, ఆ మాట విన్నందుకు ఇంకో కంట సంతోషం. ఏడవాలో నవ్వాలో తెలియక దారి పొడుగునా గులకరాళ్లు తన్నుకుంటూ నడిచాడు. నాకూ అర్థం కాలేదు. నాయిన అలా మాట్లాడగలడని నేనెన్నడూ అనుకోలేదు మరి.

కీడు ఊరుకోదని, మర్నాడు పొద్దున్నే అమ్మ భజ్జీ రొట్టెలూ కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని సార్ అద్దెగదికి బయల్దేరింది. ఆయన చేతికి గిన్నె ఇస్తూ ఉండబట్టలేక అడిగేసింది. "ఏం సారూ, పోరగాండ్లు ఆడుకునేతందుకు ఊరంత వెతికితే మా చేనే దొర్కిందా నీకు?"

"చేనేందమ్మా? చేనుతోని నాకేం పని?" సార్ కళ్లు తేలేశాడు. "నేనడిగింది మీ పోరన్ని."

అమ్మ చెప్పులు చేతబట్టుకుని ఇంటికి పరుగు తీసింది, వెనక నేను. నాయిన వాకిట్లో ఎద్దుకు మేత వేస్తున్నాడు. సంగతంతా విని, కడుపు పట్టుకుని నవ్వాడు. అంత నవ్వు నేను ఆయన దగ్గర అంతకుముందు చూడలేదు. "ఓర్నీ! పోరన్నా? నేను చేననుకుంటి గదనే! పోరడైతే తీస్కపొమ్మను, ఖుషీగ తీస్కపొమ్మను!"

నీళ్ల బకెట్ పట్టుకుని అన్న గడపలో నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు.

పంపే రోజు బస్టాండులో అమ్మ కళ్లొత్తుకుంటుంటే, నాయిన మూట పైకి అందిస్తుంటే, అన్న కిటికీలోంచి నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు. "సూసినవా? చేనైతే ఇయ్యడంట. నన్నైతే ఇచ్చిండు." నవ్వుతూనే అన్నాడు. అయినా ఆ మాట నాకు ఎప్పటికీ మింగుడుపడలేదు. కోరుకున్నది దొరికినవాడు అలా నవ్వుతాడా?

ఆ తరవాత అన్న గోవాలో ఆడాడు, కలకత్తాలో ఆడాడు, కేరళలో ఒక వానాకాలమంతా బురదలో ఆడాడు. ఫోన్ చేసినప్పుడల్లా నాయినది ఒకటే ప్రశ్న, "ఎన్ని గోల్లు కొట్టినవ్‌రా?" దానికి మా అన్న జవాబూ ఒకటే, "నేను కొట్టేటోన్ని గాదు నాయినా, అందిచ్చేటోన్ని." నాయిన ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి, "కొట్టకపోతే గింత దూరం ఎందుకు పిలుస్తున్నరే వీన్ని?" అని నిజంగానే పరేషాన్ అయ్యేవాడు. కొడుకు గోలు కొడితే బోరంచ నల్లపోచమ్మకు పుంజును ఇస్తానని అమ్మ మొక్కుకుంది. ఒకటి రెండుసార్లు కొట్టానని అన్న ఫోన్‌లో చెప్పాడు కానీ, ఆ ఆటలు టీవీలో రాలేదు. కళ్లతో చూడనిదానికి మొక్కెలా తీరుస్తానని అమ్మ భీష్మించింది. ఆ పుంజు ఇంటిల్లిపాదికీ పెద్దమనిషై, ఎవరూ ముట్టక, ముసలిదై పోయింది.

టీవీలో ఆట వచ్చిన రోజు మా ఇంట్లో పండగ. చిన్నాయిన వాళ్లూ, పక్కింటివాళ్లూ వచ్చి కూర్చునేవాళ్లు. కానీ మా ఖర్మ చూడండి, బంతి వెంట కెమెరా పోతుంది, అన్న దగ్గరికి బంతి వచ్చీ రాగానే ఇంకొకరికి ఇచ్చేస్తాడు, కెమెరా అటు పరుగెడుతుంది. ఇదుగో అనేలోపు మాయం. నాయిన టీవీకి మూరెడు దూరంలో కూర్చుని, కెమెరా ఎటు తిరిగితే అటు తల వంచి చూసేవాడు, వంగి చూస్తే పక్కన ఉన్నవాడు కనిపిస్తాడన్నట్టు. "గీ కెమెరావోనికి మన పోరడంటే పడదు," అని చివరికి తేల్చేశాడు.

నడుమ ఒక ఏడు అన్న మోకాలు మడతపడింది. ఆపరేషన్ చేయకపోతే ఆట అయిపోయినట్టేనన్నారు. ఆ ఏడు పత్తి మంచిగ పండిందని, ఆపరేషన్‌కు పైసలు తను పంపుతానని, దిగులు పడొద్దని నాయిన ఫోన్‌లో చెప్పాడు, అన్న నమ్మాడు. నడిమి చేను అమ్మింది కూడా ఆ రోజుల్లోనే. ఎందుకమ్మావంటే, దారి లేని చేను ఎన్నాళ్లు పెట్టుకుంటాడని చిన్నాయినతో అన్నాడు. అడవి పందుల బాధ పడలేనని అమ్మతో అన్నాడు. నేనడిగితే కసురుకున్నాడు. వాళ్లిద్దరూ చెరో రకంగా నమ్మారు, నేను ఊరుకున్నాను. అన్న మళ్లీ లేచి కొన్నేళ్లు ఆడాడు. నిరుడు, ఇక కాలు మాట వినడం లేదని, సంచి సర్దుకుని ఇంటికొచ్చాడు. ఏం చేస్తావంటే తెలియదంటాడు. గోలు లెక్క అడిగేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.

ఈసారి ఎల్లమాస చిన్నాయిన చేనులో చేసుకున్నాం. చుట్టూ చూస్తే గంపలు మోసే మనుషులు లేరు. కంగ్టి దిక్కు, సిర్గాపూర్ దిక్కు చుట్టాలంతా పనులకని హైదరాబాదులో ఉన్నారు. ఒక చేను నుంచి ఇంకో చేనుకు కేకేసి భజ్జి రుచి చూడమని పిలిచే గొంతులు లేవు, కుసుమ పువ్వు వెతికితే ఒక్క చెట్టు లేదు. పక్కనే ముళ్లతీగ కంచె, కంచె వెనక మాది కాని నడిమి చేను. కొన్నాయన పట్నంలో ఉంటాడట, ఏమీ వేయలేదు, నేలంతా వయ్యారిభామ కలుపు మొలిచింది. నాయిన అటు వీపు పెట్టి కూర్చున్నాడు.

అన్న కుంటుతూనే నడుమ నిలబడి రొట్టెలు విసురుతున్నాడు, ఒక్కటీ గురి తప్పడం లేదు. కంచె వైపు చూసి, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "పానం ఇస్త గానీ ఇయ్య అన్నవ్ గద నాయినా ఆనాడు. మల్ల ఎందుకమ్మినవ్?"

నాయిన నములుతూనే, తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు మోకాలిర్గి పంటివి. నీ నడిమి చేను ఎండిపోతుండెరా. రెండు నడిమి చేన్లు నాతోని గాకపాయె. ఒకటిచ్చి ఒకటి నిలుపుకున్న." తరవాత గిన్నె ముందుకు జరిపి, "గింత భజ్జి ఎయ్యి," అన్నాడు అమ్మతో.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు. అన్న చేతిలోంచి రొట్టె అప్పటికే లేచింది, నా వైపే రావాల్సింది, నా తల మీదుగా పోయి కంచె అవతల, ఒకప్పటి మా నేల మీద పడింది. అన్న విసిరింది తప్పిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. మిడ్‌ఫీల్డ్ అంటే ఏమిటో ఇన్నేళ్లకు నాయినకు తెలిసిందా, లేక చిన్నాయిన చెప్పిన అర్థమే ఇంకా ఆయన మనసులో ఉందా? నాకు తెలియదు, అడగబుద్ధి కూడా కాలేదు.

నాయిన మోకాళ్ల మీద వంగి, తీగ కింద నుంచి చెయ్యి పెట్టి ఆ రొట్టె తీశాడు. మన్ను దులిపి, రెండు ముక్కలు చేసి, ఒక ముక్క అన్నకు అందించాడు.

"ఎప్పుడు సూసినా అందరికి పెట్టుడేనా? నువ్వు తినలె గదరా. కూసో, తిను."

అన్న గంప కింద పెట్టి, కాలు బారజాపి, నాయిన పక్కన కూర్చున్నాడు.