పిల్లికి మర్దనా, నాకు చేతినొప్పులు

అమ్మ భీమిలి నుంచి వచ్చాక మా బొచ్చులేని జాతి పిల్లికి ఒళ్లంతా కురుపులు లేవడం ఇది మూడోసారి. ఈరోజు తీసుకెళ్లి చూపిస్తే డాక్టర్ గారు, "దీనికి నూనె ఎవరు రాస్తున్నారు?" అని అడిగారు.

"బొచ్చు లేదు కదా బాబూ, సలేత్తాదని నానే రోజూ కొబ్బరినూనితో మర్దనా సేత్తన్నాను," అంది అమ్మ.

వైజాగ్ ఉక్కపోతలో చలట. నా తలకి కాస్త నూనె పెట్టమంటే మాత్రం నెల నుంచీ చేతులు నొప్పులంటోంది.

ఆ జిడ్డుకే కురుపులట. ఇక చుక్క కూడా రాయొద్దు, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలన్నారు. నాకెంత హాయిగా అనిపించిందో. సాయంత్రం నూనెగిన్నె పట్టుకుని అమ్మ ముందు కూర్చున్నాను.

నన్ను పక్కకి జరిపి, పిల్లిని ఒళ్లో వేసుకుని ముడత ముడతా తుడుస్తూ, "దానికంటే కురుపులు లేసాయి. నీకేటయిందే?" అంది.

అమ్మ ఒళ్లో చోటు దొరకాలంటే మీ ఇళ్లల్లో కూడా కురుపులు లేవాలా?