కుల్సుమ్ పెట్టిన షరతు

మార్కాపురం పలకల గనులకు లారీ నడిపే షబ్బీర్ దోర్నాల ఘాట్‌లో ప్రమాదంలో పోయేనాటికి అతని భార్య కుల్సుమ్‌కు ముప్పై ఒకటి. కూతురు ఉజ్మా ఏడో తరగతి. భర్త పోయిన మనిషి ఇల్లు కదలకుండా ఉండే ఇద్దత్ గడువు తీరిన నెలలోనే రంజాన్ వచ్చింది. మసీదు కమిటీ పేదలకు పంచే సరుకుల సంచి కోసం కుల్సుమ్ మొదటిసారి వరసలో నిలబడింది. సంచి చేతికిస్తూ ఎవరో "ఇట్ల చూడమ్మా" అన్నారు. చూసింది. ఫొటో తీశారు.

రెండు రోజుల తర్వాత ఉజ్మా బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి దించకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మీ, నీ ఫొటో ఫోన్‌లో మసీదు పేజీలో ఉంది. మా క్లాసు పిల్లలు చూసినారు. మీకు బియ్యం ఊరికే ఇస్తారా అని అడిగినారు."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్పలేదు."

మరుసటి ఏడు కుల్సుమ్ ఆ వరసలోకి పోలేదు. ఆ రంజాన్‌లో చాలా సాయంత్రాలు తల్లీ కూతుళ్లు ఒక ఖర్జూరం, మంచినీళ్లు, పొద్దుటి అన్నంతోనే ఉపవాసం విడిచారు.

అప్పటికే ఆమె బస్టాండు దగ్గర దయామణి నడిపే ఫ్లెక్సీల దుకాణంలో ఊడ్చి తుడిచే పనికి చేరింది. ఖాళీ దొరికితే కంప్యూటర్ వెనక నిలబడి చూసేది. ఒకరోజు తెలుగు టైపు చేసే కుర్రవాడు మానేశాడు. "నేను కొడతా అక్కా" అంది. మొదటి పెళ్లి పత్రికకు పూటంతా పట్టింది. ఏడాది తిరిగేసరికి ఫ్లెక్సీల డిజైన్లు కూడా ఆమే చేస్తోంది.

మూడో ఏడు రంజాన్‌కు వారం ముందు కమిటీ సెక్రటరీ అబ్దుల్ గఫార్ ఆ దుకాణానికి వచ్చాడు. సిమెంటు వ్యాపారి, అరవై దాటిన నెమ్మదస్తుడు. ఫ్లెక్సీ మాట అయిపోయాక, మసీదు పేజీ చూసుకునే తమ్ముడి కొడుకు బెంగళూరు పోయినాడని, ఇప్పుడు ఎవరూ లేరని చెప్పుకున్నాడు.

"నేను చూసుకుంటా చాచా. నెలంతా చేస్తా, ఏం ఇయ్యొద్దు. ఒకటే మాట. సంచి తీసుకునేవాళ్ల ముఖం పెట్టను."

"అట్లయితే ఎట్లమ్మా? కువైట్ నుంచి డబ్బు పంపే ఆయన ఫొటోలు అడుగుతాడు. అందిందని ఆయనకు నమ్మకం కావాల గదా."

"సరుకు చూపిస్తా. పంచేవాళ్లను చూపిస్తా. తీసుకునే మనిషిని మాత్రం చూపియ్యను."

"పది రోజులు చూద్దాం" అన్నాడు గఫార్.

కందిపప్పులో రాళ్లు ఏరే ఆడవాళ్ల చేతులు, సాయంత్రపు అసర్ నమాజు నాటికే ఉపవాసం విడిచేవాళ్లకు గంజి పొయ్యి మీదికెక్కించే వంటాయన, కలిగినవాళ్లు విధిగా తీసి ఇచ్చే జకాత్ ఎవరికి చెందుతుందో ఇమాం గారు చెప్పిన రెండు నిమిషాల మాటలు. ఇవే పెట్టింది. అన్నీ తెలుగులో రాసింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఉర్దూ చదవడం రాదని ఆమెకు తెలుసు. దయామణి అక్షరాలు సరిచూసేది. చూసేవాళ్లు మాత్రం తక్కువే. నిరుటి ఫొటోలకు వచ్చిన మెప్పులో పావు వంతు కూడా రాలేదు.

ఎనిమిదో రోజు కమిటీ సభ్యుడు మహబూబ్ పీరా ఆమెకు చెప్పకుండా, తలొంచుకుని సంచి పట్టుకున్న ఒక ముసలామె ఫొటో పేజీలో పెట్టాడు. కుల్సుమ్ తీసేసింది. అతను మళ్లీ పెట్టాడు. ఆమె చేతిలో పని వదిలేసి, మసీదు పక్కనున్న కమిటీ గదికి నడిచింది. ఆడవాళ్లు ఎవరూ ఆ గదికి రారు. గడప దగ్గర నిలబడి పేజీలోని పాత ఫొటో ఒకటి తెరిచి, ఫోన్ మహబూబ్ పీరాకు ఇచ్చింది.

"ఈమె ఎవరో చెప్పండి."

అతను పరీక్షగా చూశాడు. "ఎవరో బీదామె."

"నేనే."

కుల్సుమ్ ఫోన్ వెనక్కి తీసుకుంది.

"మీకు గుర్తు లేదు. నా బిడ్డ క్లాసులో అందరికీ గుర్తుంది. పోయినేడు నేను సంచికి రాలేదు. నా మాదిరి ఇంకెంతమంది రాలేదో మీ లిస్టులో ఉండదు."

ముసలామె ఫొటోను ఆ గదిలోనే పేజీ నుంచి తీసేశారు. కువైట్ దాత నంబరు అడిగి తీసుకుని, మధ్యాహ్నం కుల్సుమే ఫోన్ చేసింది.

"ఫొటో లేకుంటే నేనెట్ల నమ్మేదమ్మా?" అన్నాడాయన.

"మీవాళ్లు కంభంలో ఉన్నారంట గదా. పంచే రోజు ఒకరిని పంపండి. వాళ్ల చేత్తోనే ఇప్పిస్తాం."

ఆయన ఒప్పుకోలేదు. ఆ ఏడు ఏమీ పంపలేదు. నలభై ఇళ్లకు సరుకు తక్కువైంది. కమిటీలో కొందరు ఆమెను తప్పుపట్టారు. కుల్సుమ్‌కు భయం వేసింది. తన పట్టుదలకు వాళ్లెవరో పస్తు పడుకుంటే ఏం చెప్పుకోవాలి? అయినా మాట మార్చుకోలేదు. జరిగింది జరిగినట్టు రాసింది.

"ఈ ఏడు మేము ఎవరి ముఖమూ చూపించడం లేదు. అందువల్ల ఒక దాత ఆగిపోయారు. నలభై ఇళ్లకు సరుకులు కావాలి. ఇచ్చేవాళ్లు పంచే రోజు వచ్చి చూసుకోవచ్చు. ఫోన్‌తో ఫొటో మాత్రం తీయకూడదు."

దయామణి చదివి, "దీంట్లో దిద్దేదేం లేదు" అంది. "మా చర్చిలో క్రిస్మస్‌కు చీరలు పంచేటప్పుడూ ఇదే తంతు. మా మగ్దలీనమ్మత్త అందుకే రావడం మానేసింది." ఆ పోస్టును తన చర్చి గ్రూపులోనూ పెట్టింది.

అది ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. బేస్తవారిపేట నుంచి ఒక వ్యాపారి కందిపప్పు బస్తాలు పంపాడు. పొదిలి నుంచి రిటైరైన టీచరమ్మ బియ్యం బస్తాలు బండిలో వేసుకుని స్వయంగా వచ్చింది. ఇరవయ్యో రోజుకు నలభై సంచులూ నిండాయి. అంతకన్నా కుల్సుమ్ ఎదురుచూడనిది మరొకటి జరిగింది. ఎన్నేళ్లుగానో వరసలో నిలబడని ఇళ్ల నుంచి ఆడవాళ్లు ఆమె ఫోన్‌కే కబురు పెట్టారు. మరో ఇద్దరితో కలిసి, ఎండ వేళ వీధులు నిర్మానుష్యంగా ఉన్నప్పుడు ఆటోలో ఆ ఇళ్లకు సంచులు చేర్చింది. ఆ పేర్లు ఇప్పటికీ ఎవరికీ చెప్పదు.

ఇరవై ఐదో రోజు మహబూబ్ పీరా దుకాణానికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పాతవి తీసెయ్యడం ఎట్లనో చూపించమ్మా."

నాలుగేళ్ల ఫొటోలు. ఇద్దరూ ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. ఇఫ్తార్ వేళ దగ్గరపడేదాకా పట్టింది.

పండగ అయ్యాక గిద్దలూరు మసీదు వాళ్లు, తమ పేజీ కూడా అట్లా నడపడం నేర్పమని ఆమెకు ఫోన్ చేశారు. ఆదివారం ఉజ్మాను వెంటబెట్టుకుని బస్సెక్కింది. అక్కడ పని నేర్చుకోవడానికి ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు ఉన్నారు. కమిటీ పెద్ద ఒకాయన, "ముఖాలు లేకుంటే జనం చూస్తారా అమ్మా?" అని అడిగాడు.

"మొదట్లో తక్కువే చూస్తారు చాచా. మానకుండా పెట్టాల" అంది కుల్సుమ్. అమ్మాయిలను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది.