దోమ కూడా దూరని కిటికీ

కడపలో మా వీధి కిటికీకి జరిగిన సేవ ఆ ఇంట్లో ఏ మనిషికీ జరగలేదు. ఆ ఇంటి కోడలిగా చెబుతున్నాను. సేవ చేసేది మా మామ. ఎండలకు టేకు రెక్కలు పగులుతాయని తడి గోనెపట్టాలు కట్టేవాడు. ఆషాఢంలో గాలి లేస్తే సందుల్లో పాతగుడ్డలు కుక్కేవాడు. వానలకు తుప్పు పడతాయని మడతబందులకు నూనె పెట్టేవాడు. చలికాలమంతా దోమల భయం. ఇంత చాకిరీ చేయించుకుని ఆ కిటికీ ఏడాది పొడవునా చేసే పని ఒక్కటే, మూసుకుని ఉండటం.

ఇక ఉగాదికి రంగు. పోయిన ఏడు పచ్చరంగు వేసి, తడి మీద వీధి దుమ్ము అంటుకుంటుందని రెక్కలు బిగించి గడియ వేసేశాడు. ఆరాక చూసుకుని, "దోమ కూడా దూరదు" అని మురిసిపోయాడు.

పండగ వెళ్ళిన కొద్ది రోజులకే అత్త బాత్‌రూంలో జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు వేయించి తెచ్చి, ఆ కిటికీ పక్కనే మంచం వేశాం. ఒంటిమిట్ట కల్యాణానికి ఏటా వీధిలో ఆడవాళ్ళను పోగేసి, వ్యాను మాట్లాడి తీసుకుపోయేది ఆమే. ఆ ఏడు మాత్రం ఆమె లేకుండానే, మా గుమ్మం ముందు నుంచే బయలుదేరుతున్నారు.

"నేనెట్లా పోలేను. ఆ కిటికీ అన్నా తెరువయ్యా, వాళ్ళు పోతాంటే చూస్తా" అంది అత్త.

"దుమ్ము పడతాదిమే. సాయంత్రం తెరుస్తాలే."

"సాయంత్రం ఎవరుంటారు ఈడ, నువ్వు తప్ప?"

నేనే గడియ తీసి తోశాను. కదల్లేదు. మామ తోశాడు. ఊహూఁ. "రంగు పట్టుకున్నట్టుండాది" అన్నాడు, తప్పంతా రంగుదే అయినట్టు.

బయట హారన్ మోగింది. "అక్కకు చెప్పి పోదాం రాండి" అని ఎవరో అన్నారు. "కిటికీ మూసుండాది కదా, పండుకోనుంటాదిలే" అంది ఇంకో గొంతు.  అత్త గోడవైపు తిరగబోయింది, కట్టు తిరగనివ్వలేదు. 

మామ వంటింట్లోకి పోయి కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చాడు. ఆ చెక్కకు గీత పడితే అన్నం మానేసే మనిషి, సందులో కత్తి పెట్టి పొత్రంతో బాదాడు. పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా అత్త దుప్పటి మీద రాలింది. ఊడినంత పనై రెక్క తెరుచుకుంది.

వ్యాను అప్పుడే కదులుతోంది. "తలంబ్రాలు తేవడం మర్చిపోతారేమో!" అని అత్త పెట్టిన కేకకు ఆగిపోయింది. ఆడవాళ్ళంతా దిగొచ్చి కిటికీ మీద పడ్డారు. అత్త ఏడ్చింది, నవ్వింది, ముందు సీట్లో ఎవరు కూర్చోవాలో కూడా చెప్పి పంపింది.

ఈ ఉగాదికి మామ రెక్కలు బార్లా తెరిచి రంగు ఆరబెట్టాడు. వీధి దుమ్మంతా దాని మీదే పడి ఆరింది. ముట్టుకుంటే ఉప్పుకాగితమే. తుడవబోతే గుడ్డ చిరుగుతుంది, నోటికొచ్చినట్టు తిట్టుకుంటాను.

అత్త ఇప్పుడు బాగానే నడుస్తోంది. మంచం లోపలి గదిలోకి మార్చబోతే మామ అడ్డం వచ్చాడు.

"ఈడే ఉండనీమ్మా. గాలి బాగా వస్తాది."